ఒకే బరిలో ఆడా మగా: గుర్రపు పందేల్లో, అశ్వక్రీడల్లో నెగ్గిన మహిళలు, ఆడగుర్రాలు

నీలవేణి (హైదరాబాద్)
సోమవారం, రాత్రి 8:42

2025 నవంబరు 4న ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ కప్‌ను జేమీ మెల్హామ్ గెలిచింది. గుర్రం పేరు హాఫ్ యువర్స్. అంతకుముందు అక్టోబరులో అదే గుర్రం మీద కాల్‌ఫీల్డ్ కప్ కూడా తీసుకుంది. ఒకే ఏడాది ఈ రెండూ గెలిచిన మహిళా జాకీ ఇంతకుముందు లేదు. 1861 నుంచి నడుస్తున్న మెల్బోర్న్ కప్‌లో 2015 వరకు ఒక్క మహిళా జాకీ కూడా గెలవలేదు. ఆ ఏడాది మిషెల్ పేన్ గెలిచింది. మళ్లీ పదేళ్లకు ఇది రెండోది.

పరుగులో, ఈతలో, టెన్నిస్‌లో ఆడవాళ్లకు వేరే పోటీ ఉంటుంది. గుర్రం ఎక్కాక ఆ విభజన లేదు. అదే గేటు, అదే దూరం, అదే బహుమతి. ఇంత అరుదైన సంగతి గురించి తెలుగులో వివరంగా చదవడానికి నాకు ఏమీ దొరకలేదు. గుర్రాలు తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఎవరు, ఎక్కడ, ఎలా గెలిచారో తెలిసినంత రాయండి. ఆడగుర్రాల గురించి కూడా రాయండి, వాటి కథలూ తక్కువవి కావు.

పాత మలక్‌పేట (హైదరాబాద్)
సోమవారం, రాత్రి 9:20

మంచి చర్చ మొదలుపెట్టారు నీలవేణి గారూ. నేను మలక్‌పేట పందేలు చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ని. నాకు ఆడవాళ్ల మీద చిన్నచూపు లేదు, కానీ ఒక మాట స్పష్టంగా అనాలి. పరుగెత్తేది గుర్రం. మంచి గుర్రం దొరికితే ఎవరు ఎక్కినా గెలుస్తుంది, దొరకకపోతే ఎంత గొప్ప జాకీ అయినా చివరనే వస్తాడు. కాబట్టి ‘మగవాళ్లను ఓడించింది’ అనడం కంటే ‘మంచి గుర్రం దొరికింది’ అనడం సబబు.

రెండో మాట. ఆడగుర్రాలకు బరువులో రాయితీ ఉంటుంది, అంటే పందెంలో అవి మోయాల్సిన బరువు తగ్గిస్తారు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి మహిళా జాకీలకు కూడా బరువు రాయితీ ఇస్తున్నారు. రాయితీ తీసుకుని గెలిచినదాన్ని సమాన పోటీ అనవచ్చా?

యర్రా తీరం (మెల్బోర్న్)
మంగళవారం, ఉదయం 5:15

ఇక్కడ నవంబరు మొదటి మంగళవారం కప్ కోసం ఊరంతటికీ సెలవు. 2015లో ఆ పందెం టీవీలో చూసిన మా ఇంటివాళ్లందరూ లేచి నిలబడ్డారు.

మిషెల్ పేన్ సంగతి పాత మలక్‌పేట గారి ప్రశ్నకు నేరుగా తగులుతుంది. ఆమె ఎక్కిన ప్రిన్స్ ఆఫ్ పెన్జన్స్‌ను ఎవరూ మంచి గుర్రం అనలేదు. బెట్టింగ్‌లో దాని ధర ఒకటికి వంద. కాళ్లకు, పొట్టకు శస్త్రచికిత్సలు జరిగిన గుర్రం. ఆమె దాన్ని ఏళ్ల తరబడి పని చేయించింది, దాని తీరు తెలుసుకుంది. యజమానుల్లో కొందరు ఆమెను తీసేసి మగ జాకీని పెట్టాలని చూశారట. ఆ సంగతి గెలిచిన నిమిషాల్లోనే మైకు ముందు తనే చెప్పింది. ఆడవాళ్లకు బలం చాలదనేవాళ్లకు ఘాటుగా, అందరూ వినేలా జవాబిచ్చింది.

ఆమె నేపథ్యం కూడా తెలియాలి. పదిమంది పిల్లల్లో చివరిది. ఆరు నెలల పసిపాపగా ఉన్నప్పుడు తల్లి కారు ప్రమాదంలో చనిపోయింది. తండ్రే అందరినీ పెంచాడు. 2004లో పందెంలో పడి పుర్రె ఎముక విరిగింది, మళ్లీ వచ్చి ఎక్కింది. గుర్రాన్ని చూసుకునే సైసు ఎవరంటే ఆమె అన్నయ్య స్టీవీ, డౌన్ సిండ్రోమ్ ఉన్న మనిషి. గేటు నంబర్ల చీటీ తీసింది కూడా అతనే, ఒకటో నంబరు వచ్చింది. 3200 మీటర్ల పందెంలో ఆమె లోపలి కంచె పక్కనే గుర్రం శ్రమను ఆదా చేస్తూ వచ్చి, చివరి మలుపు తర్వాత ఖాళీ చూసి బయటికి తెచ్చింది. ఆ నిర్ణయం జాకీది. గుర్రానికి తెలియదు ఎక్కడ ఖాళీ వస్తుందో.

లెక్కల మాస్టారు (రాజమహేంద్రవరం)
మంగళవారం, ఉదయం 10:05

‘మంచి గుర్రం దొరికితే’ అన్న మాట దగ్గర ఆగుదాం. అసలు చిక్కు అక్కడే ఉంది.

బ్రిటన్‌లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం తరఫున పద్నాలుగేళ్ల పందేల వివరాలు తీసుకుని లెక్క కట్టారు. వృత్తి జాకీల లైసెన్సుల్లో మహిళలవి 11.3 శాతం. వాళ్లకు దక్కిన సవారీలు 5.2 శాతం. అన్నిటికన్నా పెద్ద తరగతి పందేల్లో అయితే 1.1 శాతం. గుర్రం నాణ్యతను లెక్కలోకి తీసుకున్నాక ఆడ జాకీకీ మగ జాకీకీ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

దీని అర్థం ఏమిటంటే, గుర్రమే ముఖ్యమన్న పాత మలక్‌పేట గారి మాట నిజమే. కానీ ఆ నిజం ఆడవాళ్ల ఘనతను తగ్గించదు. మంచి గుర్రాలు వాళ్లకు చేరడం లేదు కాబట్టి వాళ్ల విజయాలు తక్కువగా కనిపిస్తున్నాయి. పందెం గేటు దగ్గర సమానత్వం ఉంది. గుర్రాన్ని ఎవరికి ఇవ్వాలో యజమాని, శిక్షకుడు కూర్చుని తేల్చే గదిలో లేదు.

ఫ్రాన్స్ రాయితీ సంగతి. 2017 మార్చిలో 2 కిలోలతో మొదలుపెట్టారు, తర్వాత తగ్గించారు. గ్రూప్ అని పిలిచే పై స్థాయి పందేలకు అది వర్తించదు. 2022 జూన్‌లో ఫ్రాన్స్‌లోని షాంటిలీలో హోలీ డోయల్ నాష్వా అనే గుర్రం మీద ప్రి ద డియాన్ పందెం గెలిచింది. మూడేళ్ల గుర్రాలకు పెట్టే పేరున్న పందేలను క్లాసిక్‌లంటారు. యూరప్‌లో గ్రూప్ వన్ స్థాయి క్లాసిక్ గెలిచిన తొలి మహిళా జాకీ ఆమె. గ్రూప్ వన్ అంటే అన్నిటికన్నా పై స్థాయి, అక్కడ ఆమెకు ఒక్క గ్రాము రాయితీ కూడా లేదు.

పాత మలక్‌పేట (హైదరాబాద్)
మంగళవారం, ఉదయం 11:30

లెక్క బాగుంది మాస్టారూ. ఫ్రాన్స్ విషయంలో మీ మాటకు ఒప్పుకుంటాను. గుర్రం నాణ్యతను అంకెల్లోకి ఎలా మారుస్తారన్న అనుమానం మాత్రం ఉంది. కాగితం మీద ఒకే రేటింగ్ ఉన్న రెండు గుర్రాలు పందేనికి ముందు ప్యాడాక్ ఆవరణలో పక్కపక్కన నడుస్తుంటే తేడా కంటికే తెలుస్తుంది.

రేవతి (విశాఖపట్నం)
మంగళవారం, మధ్యాహ్నం 2:48

రేచల్ బ్లాక్‌మోర్ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదే!

ఐర్లండ్‌లో టిప్పరరీ ప్రాంతపు రైతుబిడ్డ. 2021 మార్చిలో ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో జరిగే కంచెల పందేల పండుగలో ఆరు పందేలు గెలిచి అక్కడి అగ్ర జాకీ అయింది. అందులో ఛాంపియన్ హర్డిల్ ఒకటి, దాన్ని గెలిచిన తొలి మహిళ ఆమే. ఎక్కిన గుర్రం హనీసకుల్, అదీ ఆడదే. నెల తిరగకముందే, ఏప్రిల్ 10న, ఎయింట్రీలో గ్రాండ్ నేషనల్. నలభై గుర్రాలు, ముప్పై కంచెలు, దాదాపు ఏడు కిలోమీటర్లు. మినెల్లా టైమ్స్ మీద గెలిచింది. కోవిడ్ కారణంగా ప్రేక్షకులు లేరు. 2022లో ఎ ప్లు టార్డ్ మీద చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్, అందులోనూ తొలి మహిళ. 2025 మేలో రిటైరయింది.

గ్రాండ్ నేషనల్‌లో ఆడవాళ్లు మొదలుపెట్టిందే 1977లో. షార్లట్ బ్రూ అనే అమ్మాయి తన సొంత గుర్రం బారనీ ఫోర్ట్ మీద దిగింది, చివరికి దగ్గరలో గుర్రం కంచె దూకనని మొండికేసింది. 1982లో జెరాల్డిన్ రీస్ పూర్తి చేసింది. 2012లో కేటీ వాల్ష్ మూడో స్థానం. నలభై నాలుగేళ్లలో ఒక్కొక్క మెట్టూ ఎలా ఎక్కారో చూడండి. వీళ్లలో ఒక్కరు వెనక్కి తగ్గినా తర్వాతి అమ్మాయికి గుర్రం దొరకడం ఇంకా ఆలస్యమయ్యేది.

బ్లాక్‌మోర్‌ను మహిళా జాకీ అనడం ఐర్లండ్‌లో ఎప్పుడో మానేశారు. అక్కడ ఆమె జాకీ, అంతే.

శరభయ్య (డల్లాస్)
మంగళవారం, రాత్రి 9:55

అమెరికా వైపు కథ ఇంతకన్నా కఠినంగా మొదలైంది. 1968లో క్యాథీ కుస్నర్ కోర్టుకెళ్లి మేరీలాండ్‌లో జాకీ లైసెన్సు తెచ్చుకుంది. 1969 జనవరిలో ఫ్లారిడాలో బార్బరా జో రూబిన్ పందేనికి దిగబోతే మగ జాకీలు తాము గుర్రాలు ఎక్కబోమని భీష్మించారు. బట్టలు మార్చుకోవడానికి ఆమెకిచ్చిన ట్రైలర్ కిటికీలోంచి రాయి విసిరారు. ఫిబ్రవరి 7న హాయలియాలో డయాన్ క్రంప్ పోలీసుల కాపలా మధ్య గుర్రం దగ్గరికి నడిచి వెళ్లింది. పన్నెండింటిలో పదో స్థానం వచ్చింది. అదే నెల 22న రూబిన్ చార్ల్స్ టౌన్‌లో గెలిచింది. మరుసటి ఏడాది క్రంప్ కెంటకీ డెర్బీలో దిగింది.

జూలీ క్రోన్ 1993లో కలోనియల్ అఫేర్ మీద బెల్మాంట్ స్టేక్స్ గెలిచింది. కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ మూడింటినీ కలిపి ట్రిపుల్ క్రౌన్ అంటారు. వాటిలో ఒకటి గెలిచిన తొలి మహిళా జాకీ ఆమే. ఆ వేసవిలోనే సారటోగాలో పడిపోయి చీలమండ నుజ్జయింది. మరో గుర్రం డెక్క ఛాతీకి తగిలింది. రక్షణ కోటు వేసుకుని ఉండబట్టి ప్రాణం దక్కింది. ఆ తర్వాత మళ్లీ ఎక్కింది. మొత్తం 3704 విజయాలు. 2000లో అమెరికా రేసింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, మహిళల్లో మొదటిది.

3704 విజయాలను ‘మంచి గుర్రం దొరికింది’ అనే మాటతో ఎలా వివరిస్తాం?

గరుడవేగం (బెంగళూరు)
బుధవారం, ఉదయం 7:30

నేను గుర్రాల వైపు నుంచి రాస్తాను. నాకు ప్రాణమైన భాగం అదే.

ముందు రాయితీ సంగతి. మూడేళ్ల వయసులో ఆడగుర్రం సగటున మగదానికన్నా కాస్త తేలిక, కండ తక్కువ. అందుకని కెంటకీ డెర్బీలో మగవాటికి 126 పౌన్లు, ఆడవాటికి 121. తేడా రెండు కిలోలకు కాస్త ఎక్కువ. ఆ రాయితీ ఉన్నా ఇంత పొడవైన చరిత్రలో కెంటకీ డెర్బీ గెలిచిన ఆడగుర్రాలు మూడే: 1915లో రిగ్రెట్, 1980లో జెన్యూన్ రిస్క్, 1988లో విన్నింగ్ కలర్స్. రాయితీతోనే గెలిచేస్తారంటే ఆ సంఖ్య మూడు దగ్గర ఆగదు.

2007 బెల్మాంట్‌లో ర్యాగ్స్ టు రిచెస్ గేటు తెరవగానే తడబడి ముందుకు తూలింది. అయినా తేరుకుని, ఆఖరి మలుపు నుంచి కర్లిన్‌తో భుజం భుజం రాసుకుంటూ పరుగెత్తి తల తేడాతో గెలిచింది. బెల్మాంట్‌లో ఆడగుర్రం గెలవడం 1905 తర్వాత అదే మొదలు. కర్లిన్ మామూలు గుర్రం కాదు, ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ అమెరికాలో హార్స్ ఆఫ్ ది ఇయర్ అదే.

2009 అయితే ఆడగుర్రాల సంవత్సరమే. రేచల్ అలెగ్జాండ్రా కెంటకీ ఓక్స్‌ను 20 గుర్రం పొడవుల పైగా తేడాతో గెలిచి, తర్వాత మగవాటి మీద ప్రీక్‌నెస్, హాస్కెల్, వుడ్‌వర్డ్ గెలిచింది. అదే ఏడాది జెన్యాటా బ్రీడర్స్ కప్ క్లాసిక్ గెలిచింది, ఆ పందేన్ని ఆడగుర్రం గెలవడం అదే మొదటిసారి. అన్నిటికన్నా వెనక నడిచి, చివరి మలుపులో గుంపును చుట్టుకుని రావడం దాని పద్ధతి. చూసేవాళ్లకు గుండె ఆగినంత పని. వరుసగా 19 గెలిచి, ఇరవయ్యోది, చివరిది, తల తేడాతో ఓడింది.

ఆస్ట్రేలియాలో మకైబీ దీవా 2003, 2004, 2005 మూడేళ్లూ మెల్బోర్న్ కప్ గెలిచింది. మూడోసారి 58 కిలోలు మోసింది. అది హ్యాండిక్యాప్ పందెం, అంటే గెలిచేకొద్దీ నెత్తిన బరువు పెంచుతారు. అక్కడ రాయితీ మాటే చెల్లదు. వింక్స్ వరుసగా 33 గెలిచింది, కాక్స్ ప్లేట్ అనే పెద్ద పందెంలో నాలుగు గెలుపులు అందులోవే. బ్లాక్ కేవియర్ 25 పరుగెత్తి 25 గెలిచింది. పాతకాలంలో హంగేరీ ఆడగుర్రం కించెమ్ 54కి 54.

జపాన్‌లో 2007లో వోడ్కా అనే ఆడగుర్రం అక్కడి డెర్బీ గెలిచింది, 64 ఏళ్లలో తొలిసారి. 2018 జపాన్ కప్‌లో ఆల్మండ్ ఐ 2400 మీటర్లను 2 నిమిషాల 20.6 సెకన్లలో ముగించింది.

ఇక మన సంగతి. బొంబాయిలో 1943లో ఇండియన్ డెర్బీ మొట్టమొదటిసారి జరిగినప్పుడు గెలిచింది ఎవరనుకున్నారు? ప్రిన్సెస్ బ్యూటిఫుల్. బరోడా మహారాజా గారి ఆడగుర్రం. మన డెర్బీ చరిత్ర మొదటి పుటే ఆడగుర్రానిది.

పాత మలక్‌పేట (హైదరాబాద్)
బుధవారం, ఉదయం 9:12

మకైబీ దీవా మాట విన్నాక రాయితీ వాదం వదిలేస్తున్నాను. ఇంకో ప్రశ్న మిగిలింది. ఇంత సత్తా ఉంటే ఆడగుర్రాలు మగవాటితో ఇంత తక్కువగా ఎందుకు తలపడతాయి?

గరుడవేగం (బెంగళూరు)
బుధవారం, ఉదయం 9:40

డబ్బు వల్ల. ఆడవాటికి ఓక్స్, వెయ్యి గినీల వంటి ప్రత్యేక పందేలున్నాయి. వాటిలో గెలిస్తే ఈనే గుర్రంగా విలువ పెరుగుతుంది. మగవాటితో దిగి ఓడితే ఆ విలువ తగ్గుతుందని యజమానులకు భయం. యూరప్‌లో ఆ భయం కొంత తక్కువ. పారిస్‌లో జరిగే ఆర్క్‌లో జర్కావా, డేన్‌డ్రీమ్, సొలేమియా, ట్రెవ్, ఫౌండ్, ఎనేబుల్ కలిసి 2008 నుంచి 2018 లోపు ఎనిమిదిసార్లు గెలిచాయి. ట్రెవ్ రెండుసార్లు, ఎనేబుల్ రెండుసార్లు. ట్రెవ్ శిక్షకురాలు క్రికెట్ హెడ్ మారెక్. గుర్రమూ ఆడదే, తయారు చేసిందీ ఆడమనిషే.

మాధవి (వరంగల్)
బుధవారం, మధ్యాహ్నం 1:15

గరుడవేగం గారూ, రఫియన్ అనే ఆడగుర్రం గురించి రాయలేదు. కావాలనే వదిలేశారేమో. 1975 జులై 6న న్యూయార్క్‌లో ఆ ఏటి డెర్బీ విజేత, మగగుర్రం ఫూలిష్ ప్లెజర్‌తో దానికి ముఖాముఖి పోటీ పెట్టారు. అప్పటిదాకా రఫియన్ పదికి పది గెలిచింది. ఆడా మగా ఎవరు గొప్పో తేల్చే పోటీ అంటూ దేశమంతా ఊదరగొట్టారు. పరుగు మధ్యలో దాని కాలు విరిగింది. ఆపరేషన్ చేశారు, మత్తు దిగాక కాలు కొట్టుకుని మళ్లీ విరగ్గొట్టుకుంది. బతకలేదు.

ఐర్లండ్ ఆడగుర్రం డాన్ రన్ కూడా అంతే. 1984లో ఛాంపియన్ హర్డిల్, 1986లో గోల్డ్ కప్, ఈ రెండూ గెలిచిన గుర్రం అదొక్కటే. గోల్డ్ కప్ గెలిచిన కొద్ది నెలలకే ఫ్రాన్స్‌లో పందెంలో పడి చచ్చిపోయింది. మనం గెలుపులు లెక్కపెట్టేటప్పుడు ఈ రెండు పేర్లూ ఉండాలని నా కోరిక. ఆ గుర్రాలు ఎవరికీ ఏదీ నిరూపిస్తామని మాట ఇవ్వలేదు.

గరుడవేగం (బెంగళూరు)
బుధవారం, మధ్యాహ్నం 1:50

రఫియన్ పరుగు మళ్లీ చూడటం నావల్ల కాదండీ. మీరు రాసినందుకు కృతజ్ఞతలు.

సుగుణ (గుంటూరు)
బుధవారం, రాత్రి 8:20

మన దేశంలో మహిళా జాకీలు లేరా?

నీలవేణి (హైదరాబాద్)
బుధవారం, రాత్రి 8:51

ఉన్నారు సుగుణ గారూ, చాలా తక్కువ. మద్రాసు నుంచి వచ్చిన రూపా సింగ్‌ను దేశంలో తొలి వృత్తి మహిళా జాకీ అంటారు. ఏడు వందలకు పైగా పందేలు గెలిచింది. మాస్టారు చెప్పిన సవారీల లెక్క ఇక్కడ ఇంకా దారుణంగా ఉంటుందని నా అభిప్రాయం. ఒక అమ్మాయి జాకీ కావాలంటే తెల్లవారుజామున పరుగు ట్రాక్ మీద ఉండాలి. లాయం దగ్గర ఆమెకు బట్టలు మార్చుకునే గది ఉండాలి, ఎవరో ఒక శిక్షకుడు మొదటి గుర్రం ఇవ్వాలి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. చేయాలన్న మనసు కావాలి.

డాక్టర్ వసుంధర (తిరుపతి)
గురువారం, ఉదయం 6:40

ఒలింపిక్స్ వైపు ఎవరూ వెళ్లలేదు కాబట్టి నేను వెళతాను.

1948 వరకు ఒలింపిక్ అశ్వక్రీడలు ఎక్కువగా సైనికాధికారులవే. 1952లో హెల్సింకీలో డ్రెసాజ్‌లో, అంటే గుర్రం చేత నియమబద్ధమైన నడకలు, కదలికలు చేయించే పోటీలో మాత్రం ఆడవాళ్లను రానిచ్చారు. ఆ మొదటిసారే డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్ మగవాళ్ల మధ్య రజతం గెలిచింది. 1944లో గర్భిణిగా ఉన్నప్పుడు ఆమెకు పోలియో వచ్చింది. మోకాళ్ల కింద చచ్చుబడిపోయాయి. గుర్రం ఎక్కించడానికీ దించడానికీ మనుషులు కావాలి. డ్రెసాజ్‌లో గుర్రానికి సంకేతాలు ఎక్కువగా కాళ్లతోనే ఇస్తారు. ఆమె తన శరీరపు బరువుతో, నడుముతో జూబిలీ అనే గుర్రానికి కొత్త భాష నేర్పింది. స్వర్ణం గెలిచిన స్వీడన్ అధికారి సెయింట్ సీర్ ఆమెకు చేయందించి పీఠం ఎక్కించాడు. 1956లో మళ్లీ రజతం. వైద్యురాలిగా చెబుతున్నాను, పోలియో తర్వాత అంత నియంత్రణ సాధించడం నా ఊహకు అందదు.

1956లో జంపింగ్ (కంచెలు దూకించే పోటీ), 1964లో ఈవెంటింగ్ (డ్రెసాజ్, బయటి మైదానపు పరుగు, జంపింగ్ మూడూ కలిసిన పోటీ) తలుపులు తెరిచారు. 1972లో లీజెలాట్ లిన్సెన్‌హాఫ్ డ్రెసాజ్ వ్యక్తిగత స్వర్ణం గెలిచిన తొలి మహిళ. ఈవెంటింగ్‌లో ఆ స్వర్ణం 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీకి చెందిన యూలియా క్రయెవ్‌స్కీకి వచ్చింది. 2024 పారిస్ డ్రెసాజ్‌లో వ్యక్తిగత పతకాలు మూడూ ఆడవాళ్లవే: జెస్సికా ఫాన్ బ్రెడో వెర్న్‌డల్, ఇసబెల్ వెర్త్, షార్లట్ ఫ్రై. వెర్త్‌కు ఇప్పుడు ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలు.

2023 సెప్టెంబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో డ్రెసాజ్ జట్టు స్వర్ణం మనకు వచ్చింది. అశ్వక్రీడల్లో 41 ఏళ్ల తర్వాత స్వర్ణం. జట్టులో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా. ఇద్దరమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు. వాళ్లకు వేరే బరి లేదు.

పాత మలక్‌పేట (హైదరాబాద్)
గురువారం, ఉదయం 8:05

డాక్టరు గారూ, హార్టెల్ కథ చదివి మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. జంపింగ్ వ్యక్తిగత స్వర్ణం ఎవరికి వచ్చింది?

డాక్టర్ వసుంధర (తిరుపతి)
గురువారం, ఉదయం 8:30

ఒలింపిక్స్‌లో ఇంతవరకు ఏ మహిళకూ రాలేదు. చాలా దగ్గరగా వచ్చింది మారియన్ కోక్స్, 1968 మెక్సికోలో. స్ట్రోలర్ అనే పోనీ మీద రజతం. ఎత్తు 14 చేతులకు (ఒక చేయి అంటే నాలుగు అంగుళాలు) కాస్త ఎక్కువ, అంటే పూర్తి స్థాయి గుర్రం కూడా కాదు. తనకన్నా ఎంతో పెద్ద గుర్రాల మధ్య అవే కంచెలు దూకింది.

అయితే ప్రపంచ ఛాంపియన్‌షిప్ కథ వేరు. మీరు మొదటి రోజు అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ ఉంది. అప్పట్లో ప్రపంచ జంపింగ్ ఫైనల్లో ఒక నియమం ఉండేది. చివరికి మిగిలిన నలుగురూ తమ గుర్రంతో పాటు మిగతా ముగ్గురి గుర్రాలనూ ఎక్కి అదే కోర్సు పూర్తి చేయాలి. పరిచయానికి ఇచ్చేది కొన్ని నిమిషాలే. గుర్రం మంచిదా, మనిషి మంచివాడా అన్న తగాదా తీర్చడానికే పెట్టినట్టుండేది ఆ పద్ధతి. 1986లో జర్మనీలోని ఆఖెన్‌లో ఆ నలుగురిలో ముగ్గురు మగవాళ్లు: కాన్రాడ్ హోమ్‌ఫెల్డ్, నిక్ స్కెల్టన్, పియర్ డ్యురాన్. నాలుగో వ్యక్తి కెనడా నుంచి వచ్చిన గెయిల్ గ్రీనో. నాలుగు గుర్రాలూ ఎక్కింది. ఒక్క కడ్డీ కూడా పడలేదు. సున్నా తప్పులతో ప్రపంచ విజేత.

పాత మలక్‌పేట (హైదరాబాద్)
గురువారం, ఉదయం 9:02

నాలుగు గుర్రాల మీదా సున్నానా! ఇది తెలిసి ఉంటే మొదటి రోజు నా వాదన అలా పెట్టేవాణ్ని కాదు. ఆ ఫైనల్ దృశ్యాలు ఎక్కడైనా దొరుకుతాయా? ఆమె పక్కవాళ్ల గుర్రాల పగ్గాలు ఎలా పట్టిందో నాకు చూడాలని ఉంది. ముఖ్యంగా డ్యురాన్ గుర్రం జాప్‌లూ మీద. అది చిన్నది, చాలా చురుకుది, కొత్త మనిషికి లొంగేది కాదని విన్నాను.

డాక్టర్ వసుంధర (తిరుపతి)
గురువారం, ఉదయం 9:20

వెతికి పంపుతాను. రేవతి గారూ, మీ దగ్గర 2021 గ్రాండ్ నేషనల్ పూర్తి పరుగు ఉంటే అదీ పెట్టండి. చివరి రెండు కంచెల దగ్గర బ్లాక్‌మోర్ ఎంత నిబ్బరంగా కూర్చుందో అందరం కలిసి చూద్దాం.